లూచానో బెరియో

లూచానో బెరియో (అక్టోబర్ 24, 1925 - మే 27, 2003) ఇటలీ దేశానికి చెందిన ప్రముఖ స్వరకర్త, సంగీతాచార్యుడు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత ఐరోపా శాస్త్రీయ సంగీతానికి కొత్త రూపురేఖలు దిద్దిన తరంలో ఈయన ఒక ముఖ్యుడు. ఆర్కెస్ట్రా రచనలు, సంగీత నాటకాలు, ఎలక్ట్రానిక్ సంగీతం, జానపద గీతాల పునఃసృష్టి వంటి అనేక ప్రక్రియలలో కృషి చేసినప్పటికీ, ఒకే ఒక కళాకారుడు ఒంటరిగా వేదికపై నిలబడి వాయించడానికి వ్రాసిన పదునాలుగు సెక్వెన్జాల వలన ఈయన పేరు వాద్య విద్వాంసుల లోకంలో స్థిరపడింది. 1958 నుండి 2002 వరకు, అంటే నలభై నాలుగు సంవత్సరాల పాటు, ఒక్కొక్క వాద్యానికి ఒక్కొక్కటి చొప్పున ఈయన వీటిని వ్రాస్తూ వచ్చాడు.

బాల్యం, కుటుంబ నేపథ్యం

బెరియో ఇటలీ వాయవ్య తీరంలోని లిగూరియా ప్రాంతంలో, ఒనేల్యా అనే ఊరిలో జన్మించాడు. ఈ ఊరిని 1923లో పొరుగున ఉన్న పోర్తో మౌరీజియోతో కలిపి ఇంపీరియా అని పేరు పెట్టారు. బెరియోల ఇంట సంగీతం వంశపారంపర్యంగా వచ్చిన వృత్తి. తాత అడోల్ఫో, తండ్రి ఎర్నెస్తో ఇద్దరూ చర్చిలో ఆర్గాన్ వాయించేవారు, స్వరరచన కూడా చేసేవారు. పిల్లవాడికి పియానో పాఠాలు ఇంట్లోనే మొదలయ్యాయి. ఇంట్లో జరిగే గోష్ఠులలో అందరూ కలిసి వాయించేవారు. అది ముస్సోలినీ ఫాసిస్టు పాలన కాలం. ఇటలీ వెలుపల స్కోన్‌బెర్గ్, స్ట్రావిన్‌స్కీ, బార్టోక్ వంటివారు సంగీతాన్ని ఎంత దూరం తీసుకుపోయారో ఆ చిన్న ఊరిలో పెరిగిన కుర్రవానికి తెలిసే అవకాశం లేకపోయింది. ఆ సంగీతం చెవిన పడింది యుద్ధం ముగిసిన తరువాతనే. ఇంత గొప్ప సంగీతాన్ని తనకు అందకుండా చేశారనే ఆగ్రహం ఈయనలో చాలాకాలం నిలిచిపోయింది.

ఒనేల్యాలో ఈయన ఇంటికి దగ్గరలో గ్రోక్ అనే జగత్ప్రసిద్ధుడైన స్విట్జర్లాండ్ విదూషకుడు నివసించేవాడు. సర్కస్‌లలో, నాటకశాలలలో వాద్యాలతో హాస్యం పండించడం గ్రోక్ ప్రత్యేకత. ఈ బాల్య స్మృతి తరువాతి కాలంలో ఒక ముఖ్యమైన రచనకు మూలమైంది. ఆ వివరాలు దిగువన చూడవచ్చు.

చేతికి గాయం

1944లో బెరియోను ఫాసిస్టు ప్రభుత్వ సైన్యంలోకి బలవంతంగా చేర్చుకున్నారు. సైన్యంలో చేరిన మొదటి రోజునే, తుపాకి ఎలా పనిచేస్తుందో నేర్చుకుంటుండగా అది పేలి కుడి చేయి తీవ్రంగా గాయపడింది. కొన్ని నెలలు సైనిక ఆసుపత్రిలో గడిపిన తరువాత అక్కడి నుండి పారిపోయి నాజీ వ్యతిరేక దళాల పక్షాన చేరాడు. యుద్ధం ముగిసింది గాని చేయి పూర్తిగా కోలుకోలేదు. పియానో విద్వాంసుడు కావాలన్న ఆశ ఆ విధంగా ఇరవై ఏళ్ళ లోపే ముగిసింది.

ఈయన జీవితచరిత్రలో ఈ సంఘటనకు సాధారణంగా రెండు మూడు వాక్యాలే కేటాయిస్తారు. అయితే ఈయన రచనల వరుసను చూసినపుడు దీనికి అంతకంటే ఎక్కువ ప్రాధాన్యం ఉన్నదని అనిపించక మానదు. తాను స్వయంగా వేదిక ఎక్కి వాయించలేని మనిషి, అతి కష్టమైన వాద్య రచనలను ఇతరుల చేతుల కోసం, వారి పెదవుల కోసం, వారి ఊపిరి కోసం జీవితమంతా వ్రాశాడు. వాయించేవాని శరీరం ఏమి చేయగలదు, ఏమి చేయలేదు అనే విషయంపై ఈయనకున్నంత శ్రద్ధ ఆ తరం స్వరకర్తలలో చాలా తక్కువమందికి ఉంది.

మిలాన్‌లో విద్యాభ్యాసం

యుద్ధానంతరం బెరియో మిలాన్ సంగీత కళాశాలలో చేరి, జూలియో చేజారే పరిబేని వద్ద కౌంటర్‌పాయింట్, జోర్జో ఫెదెరీకో గెదీని వద్ద స్వరరచన అభ్యసించాడు. భుక్తి కోసం గాయకులకు పియానో సహకారం అందించేవాడు. ఆ సందర్భంలోనే అమెరికా నుండి గానం నేర్చుకోవడానికి వచ్చిన ఆర్మేనియన్ సంతతి యువతి కాథీ బెర్బేరియన్‌తో పరిచయమైంది. 1950లో వారి వివాహం జరిగింది. నవ్వు, ఏడ్పు, గొణుగుడు, శాస్త్రీయ గానం, వీధి పాట - వీటన్నింటినీ ఒకే గొంతులో క్షణాలలో మార్చి మార్చి పలికించగల ఆమె ప్రతిభ బెరియో సంగీతానికి ఒక ప్రయోగశాల వంటిదయింది.

1952లో ఈయన అమెరికాలోని టాంగిల్‌వుడ్‌కు వెళ్ళి, తన దేశస్థుడే అయిన లుయీజి దల్లపికోలా వద్ద కొంతకాలం చదువుకున్నాడు. అదే సంవత్సరం అక్టోబరులో న్యూయార్క్ ఆధునిక కళా సంగ్రహాలయంలో టేపుపై కూర్చిన సంగీతాన్ని మొదటిసారిగా విన్నాడు. ఇటలీకి తిరిగి వచ్చాక ఆ దిశగా స్వయంగా ప్రయోగాలు మొదలుపెట్టాడు.

ధ్వని ప్రయోగశాల

1955లో బెరియో, మరొక స్వరకర్త బ్రూనో మదెర్నాతో కలిసి ఇటలీ జాతీయ ప్రసార సంస్థ అయిన రాయ్ మిలాన్ కేంద్రంలో స్టూడియో ది ఫోనోలోజియాను నెలకొల్పాడు. ఇందులో తొమ్మిది ఆసిలేటర్లు ఉండేవి. ఆనాటి ప్రమాణాలతో చూస్తే అది గొప్ప సంపద. 1958లో అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ కూడా ఇక్కడికి వచ్చి పనిచేశాడు. తరువాత నవలాకారుడుగా ప్రపంచ ప్రఖ్యాతి పొందిన ఉంబెర్తో ఎకో ఆ రోజులలో ఇదే ప్రసార సంస్థలో ఉద్యోగి. జేమ్స్ జాయ్స్ రచనలపై ఇద్దరికీ ఉన్న అభిమానం వలన 1958లో ఒక టేపు రచన రూపుదిద్దుకున్నది. బెర్బేరియన్ చదివిన యులిసిస్ నవలా భాగాన్ని ముక్కలు చేసి, ఒకదానిపై ఒకటి పేర్చి, మాట ఎక్కడ ముగిసి సంగీతం ఎక్కడ మొదలవుతుందో చెప్పలేని విధంగా కూర్చిన ఈ రచన ఎలక్ట్రానిక్ సంగీత చరిత్రలో తొలి మైలురాళ్ళలో ఒకటి. 1956 నుండి 1960 వరకు బెరియో ఇంకోంత్రి మూజికాలి అనే పత్రికను కూడా నడిపాడు.

సెక్వెన్జాలు

యంత్రంతో శబ్దాన్ని ఎంత సూక్ష్మంగానైనా మలచవచ్చునని నేర్చుకున్న అదే 1958వ సంవత్సరంలో, బెరియో యంత్రం ఏదీ లేకుండా ఒక్క ఫ్లూట్ కోసం మొదటి సెక్వెన్జాను వ్రాశాడు. ఈ పేరు వలన చర్చిలలో పాడే ప్రాచీన స్తోత్రాలు గుర్తుకు రావచ్చు గాని, వాటితో దీనికి సంబంధం లేదు. ఒకదాని వెంట ఒకటి వచ్చే స్వరసముదాయాల వరుసపై ఈ రచనలు ఆధారపడి ఉంటాయి గనుక ఆ పేరు పెట్టాడు. వీటిని రోమన్ అంకెలతో గుర్తించడం పరిపాటి. ఈ వ్యాసంలో సౌలభ్యం కోసం మామూలు అంకెలే వాడబడ్డాయి.

ఫ్లూట్ ఒక సమయంలో ఒకే స్వరాన్ని పలుకుతుంది. అయినా వినేవారికి రెండు మూడు స్వరధారలు ఏకకాలంలో నడుస్తున్న భావన కలిగించాలన్నది బెరియో సంకల్పం. ఇందుకోసం స్వరస్థాయి, వేగం, ధ్వని తీవ్రత, పలికే తీరు అనే నాలుగింటినీ విడివిడిగా మారుస్తూ పోతాడు. ఒక క్షణం అతి తారస్థాయిలో అతి మెల్లగా, మరుక్షణం మంద్రంలో అతి గట్టిగా వాయించవలసి వస్తుంది. ఈ దూకుళ్ళను చెవి రెండు వేర్వేరు గొంతులుగా విభజించుకుని వింటుంది. ఒకే తీగ వాద్యంపై బహుళ స్వరధారల భ్రాంతి కలిగించడంలో బాఖ్ చూపిన నేర్పు ఇక్కడ ఆదర్శం. ఈ రచనను ఆనాటి ప్రసిద్ధ ఇటాలియన్ ఫ్లూట్ విద్వాంసుడు సెవెరీనో గజ్జెలోని కోసం వ్రాశాడు. ఆయనే 1958లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో తొలిసారి వాయించాడు.

స్వరలిపి సమస్య

మొదటి సెక్వెన్జాను వ్రాసిన పద్ధతి పెద్ద చర్చకు దారితీసింది. సాధారణ పాశ్చాత్య స్వరలిపిలో ప్రతి స్వరానికి ఎంత కాలమో గుర్తు ఉంటుంది. బెరియో ఆ గుర్తులను తీసివేశాడు. పుటపై సమానమైన ఎడంతో చిన్న గీతలు పెట్టి, ఆ గీతల మధ్య స్వరాలను దగ్గరగానో దూరంగానో ఉంచాడు. కాగితంపై ఉన్న ఎడమే కాలం. దగ్గరగా ఉన్నవి వేగంగా, దూరంగా ఉన్నవి నిదానంగా వాయించాలి. వాయించేవానికి ఇది కొంత స్వేచ్ఛ ఇచ్చింది.

ఉంబెర్తో ఎకో 1962లో ప్రచురించిన ఓపెరా అపెర్తా అనే గ్రంథంలో, కళాకారుని చేతిలో పూర్తి కావలసిన రచనలకు ఉదాహరణగా చూపిన మొదటి కొన్ని కృతులలో ఈ సెక్వెన్జా ఒకటి. ఆ పుస్తకం ప్రఖ్యాతి పొందడంతో ఈ చిన్న ఫ్లూట్ రచన కూడా కళాసిద్ధాంత చర్చలలో స్థానం సంపాదించింది.

అయితే స్వరకర్త అభిప్రాయం వేరు. ఈ లిపిని ఈయన ఎంచుకున్నది స్వేచ్ఛ కోసం కాదు. చాలా క్లిష్టమైన లయలను మామూలు గుర్తులతో వ్రాస్తే చదవడం కష్టమవుతుందని, కంటికి సులభంగా కనిపించే పద్ధతిగా మాత్రమే దీనిని ఎంచుకున్నాడు. కాలక్రమంలో చాలామంది ఫ్లూట్ కళాకారులు తమకు నచ్చిన వేగంతో, తమకు అనుకూలమైన చోట ఆగుతూ వాయించసాగారు. కష్టమైన చోట నిదానించడం, సులభమైన చోట పరుగెత్తడం మామూలయింది. ఇది బెరియోను బాధించింది. చివరకు 1992లో ఈయన మొత్తం రచనను సాధారణ లయ గుర్తులతో తిరిగి వ్రాసి ప్రచురించాడు. ఏ కృతి తెరచి ఉంచిన తలుపుకు ఉదాహరణగా ప్రసిద్ధి చెందిందో, దాని తలుపును స్వరకర్తే స్వయంగా మూసివేశాడన్నమాట.

సమస్య అంతటితో తీరలేదు. కొత్త ప్రతి వచ్చాక కూడా కొందరు కళాకారులు పాత ప్రతినే అనుసరించారు. పాత లిపిలో ఉన్న ఊపిరి, సహజత్వం కొత్త లిపిలో లేవన్నది వారి వాదన. స్వరకర్త వ్రాసినది ఏదో అదే ప్రమాణమన్నది రెండవ పక్షం. రెండు ప్రతులూ స్వరకర్త చేతివే కావడం ఇక్కడి చిక్కు. సంగీత కళాశాలలలో ఫ్లూట్ విద్యార్థులు రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని అభ్యసించడం కనిపిస్తుంది.

హార్ప్ నుండి వయోలా వరకు

రెండవ సెక్వెన్జా (1963) హార్ప్ కోసం, ఫ్రాన్సిస్ పియేర్‌కు వ్రాసినది. ఫ్రెంచి స్వరకర్తల ప్రభావం వలన హార్ప్ అంటే మెత్తగా జాలువారే స్వరాలు మాత్రమే అనే ముద్ర పడిపోయింది. బెరియో దానిని చెరిపివేయదలచాడు. ఇందులో తీగలను గట్టిగా లాగడం, వాద్యపు చెక్కపై కొట్టడం, పెడళ్ళ శబ్దాన్ని కూడా సంగీతంలో భాగం చేయడం చూడవచ్చు.

మూడవది (1965-66) స్త్రీ కంఠం కోసం, కాథీ బెర్బేరియన్‌ను దృష్టిలో ఉంచుకుని వ్రాసినది. అప్పటికే 1964లో వారి వివాహబంధం ముగిసింది. కాని ఆమె గొంతు కోసం వ్రాయడం ఈయన మానలేదు. మార్కుస్ కుట్టర్ వ్రాసిన కొద్దిపాటి పంక్తులను మాటలుగా, అక్షరాలుగా, చివరకు ఉచ్చారణ ధ్వనులుగా విడగొట్టి, వాటి మధ్య నవ్వు, దగ్గు, గుసగుస, వేళ్ళ చిటికెలు చేర్చాడు. ఏ ధ్వని ఏ మనోభావంతో పలకాలో - ఆత్రుత, దిగులు, నిర్లిప్తత వంటివి - స్వరలిపిపై వ్రాసి ఉంటుంది. గాయని వేదికపైకి నడిచివస్తూనే గొణుగుతూ ప్రారంభిస్తుంది. వినేవారికి ఒక కథ జరుగుతున్నట్లే ఉంటుంది గాని ఆ కథ ఏమిటో ఎన్నటికీ తెలియదు.

నాలుగవది (1966) పియానో కోసం, బ్రెజిల్‌కు చెందిన జోసీ ద కార్వాల్యోకు వ్రాసినది. నొక్కిన స్వరాలను మాత్రమే మోగుతూ ఉండనిచ్చే మధ్య పెడల్‌కు ఇందులో ప్రధాన పాత్ర. పైన ఒక సంగీతం పరుగెత్తుతుండగా, క్రింద నిలిచిపోయిన మరొక సంగీతం నీడలా వినిపిస్తుంది.

అయిదవది (1966) ట్రాంబోన్ కోసం, అమెరికన్ కళాకారుడు స్టూవర్ట్ డెంప్‌స్టర్ కోరికపై వ్రాసినది. పైన పేర్కొన్న విదూషకుడు గ్రోక్ స్మృతికి ఇది అంకితం. గ్రోక్ ప్రదర్శన మధ్యలో హఠాత్తుగా ఆగి, ప్రేక్షకుల వంక చూసి, ఎందుకు అని ఒక్క మాట అడిగేవాడు. ఆ మాట విని నవ్వాలో ఏడవాలో తెలియని స్థితి బాలుడైన బెరియోలో చెరగని ముద్ర వేసింది. ఈ రచనలో వాయించేవాడు మొదట నిలబడి, పెద్ద కళాకారుని హావభావాలతో వాద్యాన్ని పైకెత్తుతాడు. మధ్యలో అదే ప్రశ్నను ఆంగ్లంలో పలికి కూర్చుంటాడు. ఆ తరువాత గొంతుతో పాడుతూనే వాద్యాన్ని ఊదుతాడు. గొంతు ఎక్కడిదో, ట్రాంబోన్ ఎక్కడిదో విడదీయలేము. సెక్వెన్జాలన్నింటిలో ప్రేక్షకులకు త్వరగా దగ్గరయ్యేది ఇదేనని చెప్పవచ్చు.

ఆరవది (1967) వయోలా కోసం, సెర్జ్ కొలో కోసం వ్రాసినది. మూడు నాలుగు తీగలపై ఒకేసారి, ఎడతెగకుండా, వేగంగా కమానును అటూ ఇటూ ఆడించవలసి ఉంటుంది. చేయి అలసిపోవడం ఈ రచనలో భాగమే.

ఓబో, వయొలిన్

ఏడవ సెక్వెన్జా (1969) ఓబో కోసం, స్విట్జర్లాండ్‌కు చెందిన హైన్జ్ హోలిగర్‌కు వ్రాసినది. దీనిని పదమూడు వరుసలలో, ఒక్కొక్క వరుసలో పదమూడు భాగాలుగా వ్రాశాడు. పాశ్చాత్య పద్ధతిలో బి అని పిలిచే స్వరం ఒకటి ఆద్యంతం మెల్లగా, కదలకుండా మోగుతూ ఉంటుంది. అది ఎక్కడి నుండి వస్తున్నదో ప్రేక్షకులకు కనిపించకూడదు. జర్మన్ పద్ధతిలో ఈ స్వరం పేరు హోలిగర్ పేరులోని మొదటి అక్షరమే. ఓబో అదే స్వరంతో మొదలవుతుంది. ఒకే స్వరాన్ని వేళ్ళ అమరికలు మార్చి మార్చి పలికించడం వలన స్వరస్థానం మారకుండా నాదపు రంగు మాత్రం మారుతూ ఉంటుంది. శ్రుతి లేనిదే కచేరీ ఊహించలేని మన శ్రోతలకు ఈ కదలని స్వరం తంబురాను తలపించవచ్చు. అయితే బెరియో దానిని మన సంగీతం నుండి గ్రహించాడని చెప్పడానికి ఆధారం లేదు. పైగా దాని పని కూడా వేరు. ఓబో ఆ స్వరం నుండి ఎంత దూరం పోతున్నదో కొలిచే కొలబద్దగా అది ఉపయోగపడుతుంది.

ఏడు సంవత్సరాల విరామం తరువాత ఎనిమిదవది (1976) వెలువడింది. ఇది వయొలిన్ కోసం, కార్లో కియారప్పాకు వ్రాసినది. బెరియోకు చిన్ననాట వయొలిన్ నేర్చుకోవడంలో ఎదురైన ఇబ్బందుల వలన ఆ వాద్యంతో ఈయన సంబంధం సరళమైనది కాదు. ఏ, బి అనే రెండు పక్కపక్క స్వరాల చుట్టూ మొత్తం రచన తిరుగుతుంది. అవి ఒకదానినొకటి రాసుకుంటూ మొదలై, మళ్ళీ మళ్ళీ అక్కడికే చేరుకుంటాయి. బాఖ్ రెండవ పార్టిటాలోని చకోన్‌కు ఇది బెరియో సమర్పించిన నమస్కారం. వయొలిన్‌కు ఒంటరి రచన చేయబూనిన ఎవరికైనా ఆ చకోన్ ఎదుట నిలబడక తప్పదు.

తరువాతి సెక్వెన్జాలు

తొమ్మిదవది (1980) క్లారినెట్‌కు. దీనినే 1981లో ఆల్టో శాక్సొఫోన్‌కు కూడా మార్చాడు. పదవది (1984) ట్రంపెట్‌కు, థామస్ స్టీవెన్స్ కోసం వ్రాసినది. ఇందులో వేదికపై ఒక పియానో కూడా ఉంటుంది గాని దానిని వాయించరు. పియానో వద్ద కూర్చున్నవారు మీటలను శబ్దం రాకుండా నొక్కి పట్టుకుంటారు. ట్రంపెట్ కళాకారుడు తెరచిన పియానోలోకి ఊదినపుడు, స్వేచ్ఛ పొందిన ఆ తీగలు వాటంతట అవే ప్రతిధ్వనిస్తాయి.

పదకొండవది (1987-88) గిటార్ కోసం, ఎలియట్ ఫిస్క్‌కు వ్రాసినది. స్పెయిన్ దేశపు ఫ్లమెంకో బాణీ, శాస్త్రీయ గిటార్ బాణీ అనే రెండింటి మధ్య ఘర్షణ ఇందులో కథావస్తువు. పన్నెండవది (1995) బసూన్ కోసం, పాస్కల్ గల్వాకు వ్రాసినది. ఊదుతూనే ముక్కుతో గాలి పీల్చుకునే పద్ధతిలో, ఎక్కడా ఊపిరి తెగకుండా, చాలా నిదానంగా జారే స్వరాలతో ఇది సాగుతుంది. సెక్వెన్జాలలో బాగా పొడవైన వాటిలో ఇది ఒకటి. పదమూడవది (1995) అకార్డియన్ కోసం, తెయోదోరో అంజెలోత్తికి వ్రాసినది. గ్రామాలలో, పనివారల పాటలలో, నాట్యశాలలలో బ్రతికిన ఆ వాద్యపు జ్ఞాపకాలను ఇది సున్నితంగా పలికిస్తుంది. దీనికి షాన్సోన్, అంటే పాట, అని ఉపశీర్షిక కూడా ఉంది.

పదునాలుగవది, చివరిది (2002) చెల్లో కోసం వ్రాయబడింది. దీనిని శ్రీలంక సంతతికి చెందిన చెల్లో విద్వాంసుడు రోహన్ ద సరమ్‌కు వ్రాశాడు. ద సరమ్ చెల్లోతో పాటు శ్రీలంకలోని కాండీ ప్రాంతపు డోలు అయిన గెట బెరయ వాయించడం కూడా నేర్చినవాడు. ఆ డోలు లయలను బెరియో ఆసక్తితో విని, వాటిని ఈ రచనలో పొదిగాడు. చెల్లో కళాకారుడు కమానును పక్కన పెట్టి, ఒక చేతి వేళ్ళతో తీగలపైన, మరొక చేతితో వాద్యపు చెక్కపైన దరువు వేస్తాడు. మృదంగం విని పెరిగిన వారి చెవికి ఈ భాగాలు అంత పరాయిగా అనిపించవు. వృద్ధాప్యంలో, ఆరోగ్యం క్షీణిస్తున్న దశలో ఒక కొత్త లయ సంప్రదాయాన్ని నేర్చుకుని వ్రాసిన రచన ఇది.

ఈ పదునాలుగింటిలో ఎక్కువ భాగం ఒక నిర్దిష్ట కళాకారునితో కలిసి పనిచేయడం వలన పుట్టినవి. బెరియో దృష్టిలో విద్వత్తు అంటే వేళ్ళ వేగం మాత్రమే కాదు. వాద్యపు గత చరిత్ర, దానిపై వ్రాయబడిన పాత సంగీతం, ప్రస్తుత అవసరాలు - వీటన్నింటినీ మనసులో ఉంచుకున్న కళాకారుడే విద్వాంసుడు. అందువలన ఈయన వాద్యాలను మార్చడానికి గాని, పియానో తీగల మధ్య మేకులు, రబ్బరు ముక్కలు పెట్టడం వంటి పనులకు గాని పూనుకోలేదు. వాద్యం శతాబ్దాల కృషితో తయారైన వస్తువని, దానిని లోపలి నుండే మార్చాలని ఈయన నమ్మకం. కవి ఎదోవార్దో సాంగ్వినేతి ఒక్కొక్క సెక్వెన్జాకు చిన్న చిన్న కవితా పంక్తులు వ్రాశాడు. కొన్ని ప్రదర్శనలలో వాటిని ముందుగా చదువుతారు.

ఫ్రెంచి హార్న్, ట్యూబా, తాళవాద్యాలు వంటి వాటికి సెక్వెన్జాలు లేవు. ఆయా కళాకారులకు ఇది తీరని కొరతే.

షెమాన్ రచనలు

పూర్తయిన ఒంటరి రచనను బెరియో అక్కడితో వదలివేసేవాడు కాదు. దానిలోని ఒక్క స్వరం కూడా మార్చకుండా లేదా స్వల్పంగా మార్చి, దాని చుట్టూ ఆర్కెస్ట్రానో, చిన్న వాద్యబృందాన్నో చేర్చి కొత్త కృతులు వ్రాశాడు. వీటికి షెమాన్ అని పేరు. ఫ్రెంచి భాషలో దారులు అని అర్థం. రెండవ సెక్వెన్జా నుండి మొదటి షెమాన్ (1965), ఆరవ సెక్వెన్జా నుండి రెండవ, మూడవ షెమాన్‌లు (1967, 1968), ఏడవ సెక్వెన్జా నుండి నాలుగవ షెమాన్ (1975) పుట్టాయి. వయొలిన్ సెక్వెన్జా నుండి కొరాలే (1981), ట్రంపెట్ సెక్వెన్జా నుండి కోల్-ఓద్ (1996) వచ్చాయి. ఉల్లిపాయ పొరల వలె ఒకదానిపై ఒకటి పేరుకున్న ఈ కృతులు పాత రచనకు వ్యాఖ్యానాల వంటివి. మూలశ్లోకానికి భాష్యం, ఆ భాష్యానికి టీక వ్రాసే సంప్రదాయం తెలిసిన మనకు ఈ పద్ధతి సులభంగానే అర్థమవుతుంది.

అమెరికాలో, తిరిగి ఐరోపాలో

1960ల తొలి సంవత్సరాలలో బెరియో కాలిఫోర్నియాలోని మిల్స్ కళాశాలలో బోధించాడు. స్టీవ్ రైక్, రాక్ సంగీతంలో పేరు పొందిన ఫిల్ లెష్ అక్కడ ఈయన శిష్యులు. 1965 నుండి 1971 వరకు న్యూయార్క్ జూలియార్డ్ పాఠశాలలో బోధించి, 1967లో అక్కడ ఆధునిక సంగీతం కోసం ఒక వాద్యబృందాన్ని స్థాపించాడు. న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ 125వ వార్షికోత్సవం కోసం వ్రాసిన సిన్‌ఫోనియా (1968-69) ఈయన రచనలలో అత్యంత ప్రసిద్ధం. దీని రెండవ భాగం 1968లో హత్యకు గురైన మార్టిన్ లూథర్ కింగ్ స్మృతికి సంబంధించినది. ఎనిమిది కంఠాలు ఆ పేరులోని అక్షరాలను విడివిడిగా పలుకుతూ, చివరకు పూర్తి పేరును చేరుకుంటాయి. మూడవ భాగం మాలర్ రెండవ సింఫనీలోని ఒక భాగాన్ని నదిలా ప్రవహింపజేసి, దానిపై అనేక ఇతర స్వరకర్తల రచనల తునకలను తేలియాడిస్తుంది.

1972లో ఇటలీకి తిరిగివచ్చి, సియెనా నగరానికి సమీపంలోని రాదికోందోలి గ్రామంలో స్థిరపడ్డాడు. 1974 నుండి 1980 వరకు, పియేర్ బులేజ్ ఆహ్వానంపై పారిస్‌లోని ఇర్కామ్ పరిశోధన సంస్థలో ఎలక్ట్రో-అకౌస్టిక్ విభాగానికి అధిపతిగా పనిచేశాడు. 1987లో ఫ్లోరెన్స్ నగరంలో తెంపో రెయాలె అనే సంస్థను స్థాపించాడు.

బెర్బేరియన్ 1983లో మరణించింది. ఆమె స్మృతిలో రెక్వియేస్ అనే ఆర్కెస్ట్రా రచన చేశాడు. ఆమె గొంతు కోసం 1964లో కూర్చిన జానపద గీతాల మాలిక ఇప్పటికీ విరివిగా పాడబడుతున్నది. బెరియో మొత్తం మూడుసార్లు వివాహం చేసుకున్నాడు. 1977లో సంగీత శాస్త్రజ్ఞురాలు తాలియా పెకర్‌ను వివాహమాడాడు.

చివరి సంవత్సరాలు

1993-94లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ప్రతిష్ఠాత్మకమైన నార్టన్ ఉపన్యాసాలు ఇచ్చాడు. 1996లో జపాన్ వారి ప్రీమియం ఇంపీరియాలె పురస్కారం లభించింది. 2000లో రోమ్‌లోని సాంతా చెచీలియా అకాడమీకి అధ్యక్షుడయ్యాడు. పుచ్చీని అసంపూర్తిగా విడిచిన తురందోత్ సంగీత నాటకానికి ఈయన వ్రాసిన కొత్త ముగింపు 2002లో ప్రదర్శించబడింది. అప్పటివరకు వాడుకలో ఉన్న ముగింపు ఆర్భాటంగా, విజయోత్సాహంతో ఉండగా, బెరియో ముగింపు మెల్లగా, సందేహంతో అణగారిపోతుంది. దీనిపై రసికులలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి.

2003 మే 27న రోమ్‌లో బెరియో మరణించాడు. రాదికోందోలిలో ఖననం చేశారు. చివరి రచన స్తాంజె 2004లో తొలిసారి వినిపించబడింది.

మరణానంతరం

ఇటాలియన్ డబుల్ బేస్ విద్వాంసుడు స్తెఫానో స్కోదనిబ్బియో, పదునాలుగవ సెక్వెన్జాను 2004లో తన వాద్యానికి మార్చాడు. మొదటి పదమూడు సెక్వెన్జాలను పారిస్‌లోని ఆంసాంబ్ల్ ఎంతెర్‌కోంతెంపోరెన్ కళాకారులు రికార్డు చేయగా డాయిష్ గ్రామోఫోన్ సంస్థ 1998లో విడుదల చేసింది. 2006లో మోడ్, నాక్సోస్ సంస్థలు పదునాలుగింటినీ విడివిడిగా వెలువరించాయి. బెరియో వ్రాతప్రతులు స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో పౌల్ సాహర్ ఫౌండేషన్ వద్ద భద్రపరచబడి ఉన్నాయి. 2009లో ఫ్లోరెన్స్‌లో ఈయన పేరిట ఒక అధ్యయన కేంద్రం ఏర్పడింది.